చిక్కుడుకాయ పాట వెంట చర్ల దాకా

"అన్నా, నువ్వు పంపిన చిక్కుడుకాయ పాట నా బడిని మూయించేటట్టుంది. ఎనిమిది రోజులాయె, ఒక్క పిల్లగాడు రాలే" అని సుధాకర్ రాసిన ఇన్‌లాండ్ లెటర్ శుక్రవారం మధ్యాహ్నం నా షాపుకొచ్చింది. శనివారం తెల్లవారుజామున అయిదుంబావుకి నేను ఖమ్మం బస్టాండులో ఉన్నాను. మామూలుగా ఎనిమిదింటికి గాని లేవని మనిషిని. తప్పు చేశానని తెలిశాక ఇక నిద్ర ఎక్కడిది.

ముందు నా సంగతి చెప్పాలి. ఎనభైల నడుమ ఖమ్మంలో నాకు కాసెట్ల షాపు ఉండేది. ఖాళీ కాసెట్టు, పాటల పట్టీ తెచ్చిస్తే రెండు రోజుల్లో నింపి ఇచ్చేవాణ్ణి. వచ్చేవాళ్ళంతా సినిమా పాటలకే వచ్చేవారు. నా పిచ్చి మాత్రం ఇంగ్లీషు రాక్ పాటలు. సికింద్రాబాదు వెళ్ళినప్పుడల్లా పాత సామాన్లు అమ్మే చోట అట్టలు చిరిగిన రికార్డులు ఏరుకొచ్చేవాణ్ణి. ఆ గిటార్ల మోతలో మాటలు పట్టుకోవడం మామూలు విషయం కాదు. ఒక్కో చరణం పదిసార్లు వెనక్కి తిప్పి వినాలి. అట్లా వింటుంటే అన్నిటికంటే ముందు చెవికి చిక్కేవి తిండి మాటలు. కాఫీ, రొట్టె, వెన్న, తేనె, విస్కీ. దాంతో ఒక నోట్‌బుక్కు పెట్టి, ఏ పాటలో ఏం తిన్నారు, ఏం తాగారు అని రెండు గళ్ళు గీసి రాసుకోవడం మొదలుపెట్టాను. మూడేళ్ళకు తాగుడు గడి నిండిపోయింది. తిండి గడి సగం కూడా నిండలేదు. పొద్దున లేస్తే కాఫీ, పొద్దుగూకితే విస్కీ. కడుపునిండా భోంచేసినవాడు ఒక్కడూ కనబడలేదు. ఖాళీ కడుపుతో ఇంత గొంతు ఎట్లా వస్తుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

సుధాకర్ మా తమ్ముడి క్లాస్‌మేటు. నా షాపులో ఓపిగ్గా కూర్చుని ఈ పాటలు విన్న ఇద్దరు ముగ్గురిలో ఒకడు. చర్ల అవతల, మధ్యప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా ఒక కోయగూడేనికి టీచరుగా వెళ్ళి రెండేళ్ళయింది. అది ఒకే గది, ఒకే పంతులు ఉన్న బడి. అతను చేరేనాటికి ముగ్గురు పిల్లలు. ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, ఇరవై ఆరుగుర్ని చేశాడు. వాళ్ళకు ఇంగ్లీషు మాటలు ఎట్లా నేర్పాలని నాకు ఉత్తరం రాస్తే, నేను పెద్ద మేధావిలా సలహా ఇచ్చాను. "పాట వినిపించు, పాటలో ఉన్న వస్తువు చేతికివ్వు, నోట్లో పెట్టించు. ఇక ఆ మాట జన్మలో మరచిపోరు." నోట్‌బుక్కు తిరగేసి, తగిన పాట వెతికి, కాసెట్టులో నింపి పంపాను. అందులో పాడేవాడు ప్రియురాలు వెళ్ళిపోయిందని ఏడుస్తాడు, ఏడుస్తూనే ఒక గిన్నెడు చిక్కుడు గింజలు ఖాళీ చేస్తాడు.

సుధాకర్ గది వెనకాల వేసుకున్న చిక్కుడు తీగ ఆ ఏడు ఊళ్ళో అందరికంటే ముందు కాసింది. కాయలు ఉడికించి, పాట పెట్టి, పిల్లలకు తలా నాలుగు పెట్టాడు. వాళ్ళు "బీన్స్, బీన్స్" అని అరుచుకుంటూ ఇళ్ళకు పోయారు. మర్నాటి నుంచి ఒక్కరూ రాలేదు. కోయవాళ్ళు కొత్తగా కాసింది ఏదైనా సరే, పండుగ చేసి ఊరి అమ్మవారికీ చనిపోయిన పెద్దలకూ పెట్టందే నోట పెట్టరని అతనికి తర్వాత తెలిసింది. మామిడికి ఒక పండుగ, చిక్కుడుకు ఒక పండుగ. చిక్కుడు పండుగ ఇంకా కాలేదు. వచ్చే గురువారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఖాళీ బడి చూస్తే దాన్ని ఎత్తేస్తారు, సుధాకర్‌ను ఇంకెక్కడికో పంపిస్తారు, పిల్లలు మళ్ళీ పశువుల వెంట పోతారు. ఉత్తరంలో ఉన్నది ఇంతే. ఇందులో నా చెయ్యి ఎంత ఉందో అతను రాయలేదు, రాయనక్కర్లేదు కూడా.

అయిదున్నరకు భద్రాచలం బస్సు కదిలింది. చలికాలం. నా పక్క కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయి పైకీ రాదు, కిందికీ పోదు. మఫ్లరు చెవులకు చుట్టుకుని కూర్చున్నాను. జూలూరుపాడు దగ్గర తెల్లారింది. ఎనిమిది కావస్తుండగా కొత్తగూడెం చేరాం. అక్కడ ఇరవై నిమిషాలు ఆపుతారు. బయట బండి మీద ఇడ్లీ పొగలు కక్కుతూ దొరికింది. కారప్పొడి అడగకుండానే వేస్తారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు.

కొత్తగూడెంలో నా పక్కన ఒకతను వచ్చి కూర్చున్నాడు. పేరు సోమయ్య. సారపాక కాగితపు మిల్లులో వెదురు లారీలు దించే కాంట్రాక్టు పని, సొంతూరు చర్ల వైపు కోయగూడెం.

"యాడికి సారూ?"

"చర్లకు."

"చర్లల ఏం పని? కలప బిజినెసా?"

"కాదు. చిక్కుడుకాయల పని."

నవ్వాడు. పాల్వంచ వచ్చేలోపు కథంతా చెప్పాను. పాట దగ్గర నవ్వాడు, కాసెట్టు దగ్గర నవ్వాడు, పిల్లలు తిన్నారనేసరికి నవ్వు ఆపేశాడు.

"పండుగ గాకముందే తిన్నరా?"

"తెలియక తిన్నారు."

"తెల్వకనే తింటరు. తెలిస్తే ఎవరు తింటరు సారూ" అన్నాడు. "నువ్వు పైసలు గిట్ల తియ్యకు. పైసలిస్తే కొనుక్కున్నట్టయితది. ఒక కోడిని పట్టుకపో. నడిచి పో. నువ్వే నోరు దెరిచి చెప్పు."

"తిడతారా?"

"తిడితె మంచిదే. తిట్టకుంటెనే భయపడాలె."

తొమ్మిదిన్నరకు సారపాక వచ్చింది. ఊరు కనబడకముందే నానిన వెదురు వాసన బస్సులోకి వచ్చేసింది. రోడ్డు పక్కన వెదురు లారీలు, జామాయిలు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. దిగాక సోమయ్య నా కిటికీ కిందికి వచ్చి మరోమాట చెప్పాడు. "కోడి కాళ్ళు గట్టిగ కట్టు. బస్సుల లేసిందంటే నీ పని అయిపాయె."

వంతెన దాటి భద్రాచలంలో దిగేసరికి పది. గోదావరి చలికాలం నీళ్ళతో సన్నగా, తేటగా ఉంది. బస్సు దిగినవాళ్ళంతా గుడి వైపు వెళ్ళారు, నేనొక్కణ్ణీ కోళ్ళమ్మే చోటు వెతుక్కుంటూ బజారులోకి వెళ్ళాను. అమ్మే ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసి, "వండుకునేటందుకా, ఇచ్చేటందుకా?" అని అడిగింది. ఇవ్వడానికన్నాను. ముందు చేతిలోకి తీసుకున్నదాన్ని గంపలో పెట్టేసి, అడుగు నుంచి ఎర్రటి పెట్టను తీసిచ్చింది. ఎవరికిస్తున్నానో మాత్రం అడగలేదు. పదకొండుకు మెస్సులో భోజనం చేశాను. పప్పు, గోంగూర, చారు, అన్నీ బాగున్నాయి. కోడిని బల్ల కింద పెట్టుకోనిచ్చారు.

పన్నెండు నలభైకి చర్ల బస్సు. కండక్టరు నా చంక వైపు చూసి, "కోడికి టికెట్టు లేదు గాని సీటు గూడ లేదు. ఒళ్ళె పెట్టుకో" అన్నాడు. దుమ్ముగూడెం దాటాక రోడ్డు పేరుకే రోడ్డు. ప్రతి గుంటకూ కోడి ఒకసారి, దాని కింద నేను ఒకసారి లేచి కూర్చున్నాం. ఒకచోట పోలీసులు బస్సు ఆపి సంచులు చూశారు. నా సంచిలో సుధాకర్ టేప్‌రికార్డరు కోసం తెచ్చిన డజను బ్యాటరీ సెల్లులు బయటపడ్డాయి.

"ఇన్నెందుకు?" అని అడిగాడు జవాను.

"పాటలకండీ. ఇంగ్లీషు పాటలు."

"చర్లలనా?" అని నా మొహం చూసి, కోడిని చూసి, ఇంకేం అడగబుద్ధి కాక దిగిపోయాడు.

మూడింటికి చర్ల. సుధాకర్ బస్సు దగ్గరే నిలబడి ఉన్నాడు. నా టెలిగ్రాం ఆ పొద్దున్నే అందిందట. బాగా చిక్కిపోయాడు.

"అన్నా, నిజంగనే వచ్చినవా. ఈ కోడేంది?"

"నా తప్పుకు."

"నీ తప్పేంది, పెట్టింది నేను."

"పెట్టమన్నది నేను. నడువు."

చర్ల నుంచి ఏడు కిలోమీటర్ల నడక. ఇప్పచెట్ల మధ్య ఎడ్లబండి బాట. ఇప్పపువ్వుకు కాలం కాదు గాని నీడ మాత్రం కావలసినంత. అయిదు అవుతుండగా బడి కనబడింది. తాటాకు కప్పిన గది, పక్కనే సుధాకర్ ఉండే చిన్న గది, వెనక చిక్కుడు పందిరి. బడి ముందు మోకాలి లోతు వాగు. ఊరు వాగుకు అవతలి గట్టున ఉంది. నల్లబల్ల మీద ఇంగ్లీషులో రాసిన 'బీన్స్' అట్లాగే ఉంది. తుడవడానికి చెయ్యి రాలేదట.

"రోజూ గంట కొడుతున్న అన్నా. పిల్లలు ఆ గట్టు మీదికి వచ్చి నిలబడతరు. నన్నే చూస్తరు. వాగు మాత్రం దాటరు. పన్నెండు దాక కూసొని తాళమేస్తున్న."

"పటేల్ దగ్గరికి పోయావా?"

"ఏ మొఖంతోని పోవాలె?"

నేను గొంతు పెంచాను. నా తప్పుకు అతని మీద అరవడం న్యాయం కాదని తెలుసు, అయినా అరిచాను. తరవాత పంట్లాము మోకాళ్ళ దాకా మడిచి, కోడిని చంకలో పెట్టుకుని ఇద్దరం వాగు దాటాం.

ఊరి పెద్ద అయిన ఆ పటేల్ పేరు లచ్చయ్య. అరవై దాటి ఉంటాయి. భార్య ముత్తమ్మ వాకిట్లో కందుల చేటతో కూర్చుని ఉంది. మంచం వాల్చారు, నీళ్ళిచ్చారు. తిట్టలేదు. సోమయ్య మాట గుర్తొచ్చి నాకు చెమట పట్టింది. కోడిని పటేల్ కాళ్ళ దగ్గర పెట్టి, నోట్‌బుక్కు దగ్గర నుంచి కాసెట్టు దాకా అంతా చెప్పేశాను. పంతులుది ఏమీ లేదు, ఈ బుద్ధి పుట్టించింది నేను, శిక్ష ఏదైనా ఉంటే నాకే వెయ్యండని చెప్పాను.

భార్యాభర్తలిద్దరూ వాళ్ళ భాషలో రెండు ముక్కలు మాట్లాడుకున్నారు. తరవాత లచ్చయ్య నన్ను వదిలేసి సుధాకర్ వైపు తిరిగాడు.

"ఇన్నొద్దులు ఎందుకు రాలే సారూ?"

"మీరు పిల్లల్ని బందు పెట్టిండ్రు గదా పటేలా. కోపమున్నదనుకున్న."

"కోపమెక్కడిది? కొత్త తిన్న పిల్ల పండుగ అయ్యేదాక వాగు దాటొద్దు. నీ బడేమొ వాగు అవతల ఉండె."

నాకు సందేహం వచ్చింది. "మరి పదకొండు రోజులుగా పండుగ ఎందుకు చెయ్యలేదు?"

"ఎవరింట్ల తీగ ముందు కాస్తే ఆళ్ళే తొలికాయ తేవాలె. ఈ ఏడు సారు ఇంట్ల కాసె. సారు తెస్తడని చూస్తన్నం."

"ఒక్కమాట కబురు చెయ్యొచ్చుగా?"

"అడిగి తెచ్చుకుంటే అది బిచ్చమయితది, కొత్త ఎట్లయితది?"

ముత్తమ్మ చేట పక్కన పెట్టింది. "ఊర్ల ఇండ్లు ఇరవై రెండు. సారుది ఇరవై మూడోది. అది సారుకే తెల్వకపాయె" అంది.

సుధాకర్ తల వంచుకున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు జారి మట్టిలో పడ్డాయి. నాకూ వచ్చాయి, చెప్పుకోవడానికి సిగ్గు లేదు. అటు ఊరంతా ఇతని కోసం చూస్తుంటే, ఇటు ఇతను ఊరు తనను వెలేసిందనుకుని పదకొండు రోజులు గంట కొడుతూ కూర్చున్నాడు. మధ్యలో ఉన్నది మోకాలి లోతు వాగు.

"మరి ఈ కోడి?" అని అడిగాను.

"పండుగకు కోడి కావాలె గదా. ఉండనీ" అన్నాడు లచ్చయ్య. నేను కష్టపడి మోసుకొచ్చిన తప్పు అట్లా పండుగ ఖర్చులో కలిసిపోయింది.

ఆదివారం ఎనిమిదింటికి సుధాకర్ స్నానం చేసి, పందిరి దులిపి, వెదురు బుట్టనిండా కాయలు కోశాడు. బుట్ట నెత్తిన పెట్టుకుని వాగు దాటుతుంటే అవతలి గట్టు మీద పిల్లలు, పెద్దలు నిలబడి ఉన్నారు. అమ్మవారి రాయి దగ్గర పూజారి బుట్ట అందుకున్నాడు. కొత్త కుండలో కాయలు ఉడికాయి. చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పలుకుతూ ఆకుల్లో కొంచెం కొంచెం పెట్టారు. పేర్లు చాలా ఉన్నాయి, ఎవరికీ తొందర లేదు. తరవాత ముందుగా తిన్న పిల్లలందర్నీ నిలబెట్టి, నీళ్ళు చల్లి, ఒక్కొక్కరి నోట్లో ఒక్కో గింజ పెట్టాడు పూజారి. ఒక చిన్నపిల్ల గింజ నమిలి, సుధాకర్ వైపు చూసి, చిన్నగా "బీన్స్" అంది. అతను నవ్వాలో వద్దో తెలియక పూజారి మొహం చూశాడు. పూజారి నవ్వాడు.

ఒంటిగంటకు భోజనాలు. అన్నం, చిక్కుడుకాయ కూర, కోడికూర. కోడి నా దగ్గరికి వచ్చేసరికి ఇబ్బందిపడి చెప్పాను. "అమ్మా, మేము ముసల్మానులం. మా పద్ధతిలో కోసింది తప్ప తినం. ఏమీ అనుకోవద్దు." పట్టణాల్లో ఈ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళ మొహం కొంచెం ముడుచుకోవడం నాకు అలవాటే. ముత్తమ్మ మొహం విప్పారింది. "నీకూ ఉన్నదా నేమం? ఉంటె మంచిదే. ఏది పడితె అది తింటే మనిషికి గొడ్డుకు ఏం తేడా" అని చిక్కుడుకాయ కూర ఇంకో రెండు గరిటెలు వేసింది. అంత రుచిగల చిక్కుడుకాయ నేను మళ్ళీ తినలేదు. అందులో ఉప్పూ కారం తప్ప ఏమీ లేవు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు చేతులు చేతులు పట్టుకుని రేలా పాటలు పాడుతూ ఆడారు. అలసిపోయి కూర్చున్నాక, సారు పాట కావాలన్నారు. సుధాకర్ టేప్‌రికార్డరు పెట్టబోతే వద్దన్నారు, నోటితోనే పాడమన్నారు. పాపం, లేచి నిలబడి ఆ చిక్కుడుకాయ పాట పూర్తిగా పాడాడు. గిటారు లేదు, శ్రుతి అంతకంటే లేదు. నేను పక్కనుండి అర్థం చెప్పాను. పిల్ల వెళ్ళిపోయింది, పిల్లగాడు ఏడుస్తున్నాడు, గిన్నెలో గింజలు తింటున్నాడు.

ముత్తమ్మ శ్రద్ధగా విని అడిగింది. "ఆ పిల్లగాడు గింజలు తిన్నడు గదా, ముందుగాల ఎవరికి పెట్టిండు?"

ఆ పాట వందసార్లు విన్నాను. ఈ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు. "ఎవరికీ పెట్టలేదమ్మా. ఒక్కడే తిన్నాడు."

"అందుకే ఏడుస్తుండు" అంది. కూర్చున్నవాళ్ళంతా అవునవునన్నారు, పాట సంగతి అంతటితో తేలిపోయింది. నా నోట్‌బుక్కులో తిన్నదానికి ఒక గడి, తాగినదానికి ఒక గడి ఉన్నాయి. పెట్టినదానికి గడే లేదు. మూడేళ్ళు చెవులొగ్గి విన్న మనిషికి ఆ సంగతి చెప్పడానికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ముత్తమ్మ కావలసి వచ్చింది.

సోమవారం పదిన్నర బస్సుకు నేను చర్ల చేరాలి. సుధాకర్ తోడు వస్తానన్నాడు. ఏడుంబావుకు సంచులు సర్దుతుంటే వాగులో నీళ్ళ చప్పుడు వినబడింది. తొంగిచూశాను. పలకలు నెత్తిన పెట్టుకుని పిల్లలు వాగు దాటుతున్నారు. గంట ఇంకా కొట్టలేదు. సుధాకర్ నన్ను చూశాడు, వాళ్ళను చూశాడు. వెళ్ళు వెళ్ళు అన్నాను. సంతకు పోతున్న ముత్తమ్మ వెంట నడిచాను. చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని కూడా ఆమె నాకంటే రెండింతల వేగం.

అటువైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. ఖమ్మంలో తెల్లవారుజాము బస్సే ఎక్కండి, లేకపోతే చర్ల బస్సు అందదు. రాత్రి బసకు భద్రాచలమే నయం. చలికాలమైతే వాగులు నడిచి దాటొచ్చు, వానాకాలం వద్దు. పందిరికి కాయ కనబడగానే నోట్లో వేసుకోకండి, దాని పండుగ అయిందో లేదో కనుక్కోండి. అక్కడివాళ్ళు కోపగించుకుంటారని కాదు. మనవైపు తినడం తెలిసినంతగా ఎవరికి పెట్టి తినాలో తెలియదు. అది తెలిసినవాళ్ళ మధ్య రెండు రోజులు గడిపి వస్తే ఒంటికి మంచిది.

ఒంటిగంటకు భద్రాచలం, ఒకటిన్నరకు ఖమ్మం బస్సు. దారిలో రెండుచోట్ల నిద్రపోయాను. ఆరు కాకముందే ఖమ్మం బస్టాండులో దిగితే, ఎవరు చెప్పారో ఏమో, సుధాకర్ వాళ్ళమ్మ నా కోసం నిలబడి ఉంది. బడి ఎత్తేస్తారన్న సంగతి ఆమెకూ తెలిసిపోయింది. ఏమీ అడగలేక, ముందు చిన్న ప్రశ్నతో మొదలుపెట్టింది.

"మావోడు బస్సు దాక వచ్చిండా బాబూ, నిన్ను తోలియ్యనీకి?"

"రాలేదమ్మా. బడి ఉంది."